తాత ఎందుకొచ్చాడని అడగని ఊరు

అరవై ఏళ్ళు దాటేదాకా నాకు రాయడం రాదు. అందుకు పెద్ద కారణమేమీ లేదు. మా ఊళ్ళో బడిగంట కొట్టే వేళకే వీధి కుళాయికి నీళ్ళు వచ్చేవి. ఇంటికి పెద్దపిల్లని నేను. వరసలో బిందె పెట్టి పక్కకి వెళితే వెనకవాళ్ళు దాన్ని కాలితో అవతలికి తోసేసేవాళ్ళు. కాబట్టి బిందె దగ్గర నేనుండాలి, తమ్ముడూ చెల్లెలూ బడికి వెళ్ళాలి. చుట్టూ సముద్రం, ఏడాదిలో సగానికి పైగా వాన, అయినా ఎండలు ముదిరేసరికి తాగడానికి నీళ్ళుండవు. అదీ మా పోర్ట్‌బ్లెయిర్. సాయంత్రం చెల్లెలు గట్టిగా చదువుకుంటుంటే విని, అక్షరాలన్నీ పాటలా వరసగా అప్పజెప్పేదాన్ని. వాటిలో ఒక్కదాని మొహం కూడా ఎరగను.

ఆ తర్వాత రాత అవసరం పడలేదు. ఓడ వస్తే కూత వినిపించేది. రేషన్ వస్తే పక్కింటావిడ కేకేసేది. ఓడల మరమ్మతు పనిలో ఉన్న మా ఆయన కావలసినవి చదివి చెప్పేవాడు. ఆ ఊళ్ళో నోరుంటే చాలు. అమెరికా వచ్చాకే నోరు సరిపోలేదు.

మా అమ్మాయి చదువుకోసం విశాఖపట్నం ఓడెక్కింది. అక్కడ గుంటూరు అబ్బాయిని చేసుకుంది, ఇద్దరూ న్యూజెర్సీ వచ్చారు. మా ఆయన పోయాక, పసిపిల్లని చూసుకోవడానికని నన్నూ వాళ్ళుండే పిస్కాటవే ఊరికి తీసుకొచ్చారు. అపార్ట్‌మెంటులో నేను, పిల్ల, గాజు కిటికీ. కారు నడపడం రాని మనిషికి అక్కడ గుమ్మం దాటితే ఇంక వెళ్ళే చోటు లేదు. ద్వీపంలో పుట్టినదాన్ని, ఎటు నడిచినా కాసేపటికి నీళ్ళు అడ్డం రావడం నాకు అలవాటే. కానీ ఆ నీళ్ళమీద పడవలుండేవి.

మనవరాలికి ఎనిమిదో ఏడు వచ్చాక ఆదివారం పొద్దున్నపూట తెలుగు క్లాసుకి పంపడం మొదలుపెట్టారు. ఎవరో నలుగురు తల్లులు కలిసి ఒక స్కూల్లో గదులు అద్దెకు తీసుకుని నడిపేవారు. అమ్మాయీ అల్లుడూ మా ఇద్దర్నీ అక్కడ దింపి, వారానికి సరిపడా సరుకులు కొనుక్కుని వచ్చి మళ్ళీ ఎక్కించుకునేవాళ్ళు. వరండాలో ఒంటరిగా కూర్చుని కూర్చుని విసుగెత్తి, ఒకరోజు ఆరేళ్ళ పిల్లల గదిలోకి వెళ్ళి వెనకాల కూర్చున్నాను. ఆ కుర్చీలు నా మోకాళ్ళ ఎత్తు కూడా లేవు. టీచరమ్మ మంచిది, ఏమీ అనలేదు. పిల్లలే అన్నారు. పక్కన కూర్చునే గుండు పిల్లవాడొకడు నా పలక లాక్కుని, "గ్రాండ్‌మా, నువ్వు స్లోగా రాస్తావ్, నేను ఫినిష్ చేసేశా" అని ప్రతివారం చెప్పేవాడు. రెండేళ్ళు పట్టింది నాకు. గుండు పిల్లవాడు పై క్లాసుకి వెళ్ళిపోయాడు, నేను అక్కడే ఉన్నాను. చివరికి వచ్చింది.

వచ్చాక తెలిసిందేమిటంటే, ఈ దేశంలో వీధి బోర్డు, మందు సీసా, పాల డబ్బా, ఏదీ తెలుగులో ఉండదు. ఇంత కష్టపడి నేర్చుకున్నదాన్ని ఎక్కడా వాడలేకపోయాను.

అలాంటి రోజుల్లో, రెండువేల పన్నెండులో అనుకుంటాను, క్లాసు వార్షికోత్సవానికి పిల్లలందరూ 'మా అమ్మమ్మ ఊరు' అని మూడు నిమిషాలు మాట్లాడాలన్నారు. టీచరమ్మ నన్ను పిలిచి, "ఆంటీ, మీకు ఇప్పుడు రాయడం వచ్చుగా, మీ మనవరాలిది మీరే రాసివ్వండి" అంది. ఆ మాటకి నాకు రాత్రంతా నిద్రపట్టలేదు.

మరునాడే టీచరమ్మ ఫోన్ చేసింది, చిక్కు మొదలైంది. "ఇంతకీ ఆంటీ, మీది ఏ ఊరు?"

"పోర్ట్‌బ్లెయిర్ కదమ్మా."

"అది మీరున్న ఊరు. నేటివ్ ఏది?"

"అదే."

"అంటే మీ నాన్నగారిది?"

"అదే."

"వాళ్ళ నాన్నగారిది?"

ఇక్కడి తెలుగువాళ్ళు కలవగానే అడిగే మొదటి మాట ఇదే. జిల్లా చెబితే మండలం అడుగుతారు, మండలం చెబితే ఏ వీధి అంటారు, వీధి చెబితే ఇంటిపేరు. ఆ తర్వాత అడగక్కర్లేదు, వాళ్ళకి కావలసింది తెలిసిపోతుంది. మా అమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డని చెప్పి ఊరుకున్నాను. "హమ్మయ్య, అయితే ఆ ఊరు రాయండి ఆంటీ, స్లైడ్‌లో పొలాలవీ పెట్టుకోవచ్చు" అంది. నేను జన్మలో చూడని ఊరు. దాని గురించి ఏం రాయను? రాయనని చెప్పేశాను.

మా ఊరి గురించే రాశాను. వంటింటి బల్ల దగ్గర, పిల్ల బడికి పోయాక, పెన్సిలుతో. ఒక్కో వాక్యానికి ఒక పూట పట్టేది.

మా ఊళ్ళో సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుందని రాశాను. గడియారం ఢిల్లీది, సూర్యుడు మావాడు. మేలో వాన దిగితే రేకుల కప్పు మీద మోతకి ఇంట్లో పక్కనున్న మనిషితోనైనా అరిచి మాట్లాడాలని, అందుకే మా గొంతులు పెద్దవని రాశాను. ఇళ్ళు చెక్కవి, పడౌక్ చెక్క లోపల ఎర్రగా పచ్చిమాంసంలా ఉంటుంది. తెలుగువాళ్ళు, తమిళులు, బెంగాలీలు, రాంచీ వాళ్ళు, మలయాళీలు, బర్మా నుంచి వచ్చిన కరెన్ వాళ్ళు, బజార్లో అందరిదీ ఒకటే హిందీ, ఎవరికీ సరిగా రాని హిందీ, అందుకే ఎవరూ ఎవర్నీ వెక్కిరించరు. పేటల పేర్లు దొరలు పెట్టినవి, అబర్డీన్, హాడ్డో, ఫీనిక్స్ బే. షాదీపూర్ అని ఇంకోటి ఉంది. శిక్షలో కొంతకాలం బుద్ధిగా ఉన్న ఖైదీలకి ఆడఖైదీలనిచ్చి పెళ్ళిచేసి అక్కడ కాపురం పెట్టించేవారట, అందుకని ఆ పేరంటారు. ఎదురుగా రాస్ దీవిలో దొరల బంగళాల గోడలుంటాయి, కప్పులు లేవు, చెట్ల వేళ్ళు పట్టుకుని నిలబెట్టాయి, వాటి మధ్య జింకలు తిరుగుతాయి. జపాన్ వాళ్ళు ఊరిని పట్టుకున్న కాలంలో కట్టిన సిమెంటు గూళ్ళు సముద్రం వెంట ఇప్పటికీ ఉన్నాయి. మేం వాటిలో దాగుడుమూతలాడేవాళ్ళం, మా నాన్న మాత్రం వాటివైపు మొహం తిప్పేవాడు కాదు. ఇక జైలు. అందరికీ తెలిసింది అదొక్కటే. నాకు అది ఆసుపత్రి. ఆ జైలు ఆవరణలోనే ఊరి పెద్దాసుపత్రి ఉంది, మా అమ్మాయిని కన్నది అందులోనే.

ఆఖరున అన్నిటికంటే ముఖ్యమనుకున్నది రాశాను. మా ఊళ్ళో ఎవర్నీ, మీ తాత ఎందుకొచ్చాడని అడగరు. పాతకాపుల్లో కొందరి తాతలు సంకెళ్ళతో ఓడ దిగారు, కొందరి తాతలు ఆ సంకెళ్ళ తాళంచెవులతో దిగారు, కొందరు కూలికొచ్చారు, కొందరు అంగడి పెట్టుకోవడానికొచ్చారు. వాళ్ళ పిల్లల పిల్లలు ఇప్పుడు ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. ఎవరేమిటో తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళు అడగరు. మా నాన్న చెప్పేవాడు: ఇండియా ఒడ్డు నుంచి కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకాయన అబర్డీన్ బజార్లో టీ తాగుతూ, టీ కొట్టాయన్ని సరదాకి, "మీ తాత దొంగతనమా, హత్యా?" అన్నాడట. కొట్టాయన అతని చేతిలో గ్లాసు మెల్లగా తీసుకుని, ఉన్న టీ కాలవలో ఒంపేసి, గ్లాసు కడిగి బోర్లించాడు. బదిలీ అయ్యేదాకా ఆ గుమాస్తాకి బజారు మొత్తంలో ఎవరూ టీ పొయ్యలేదు.

ఇది రాశాక నాకు చాలా తేలిగ్గా అనిపించింది. మనవరాలు ఆ కాగితాలు క్లాసుకి తీసుకెళ్ళింది. టీచరమ్మ పిల్లలముందు చదివిందట. ఇంటికొచ్చిన పిల్లలు తల్లిదండ్రులకి ఏం చెప్పారంటే, ఫలానా వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో అందరూ ప్రిజనర్స్ అని.

తర్వాతి వారం ఎవరింట్లోనో పిల్లల పుట్టినరోజు. మగవాళ్ళు బేస్‌మెంట్‌లో చేరారు. నేను మంచినీళ్ళు పట్టుకెళితే అల్లుడి స్నేహితుడొకడు నన్ను చూసి, "మామా, ఇవాళ్టినుంచి కత్తిపీట అత్తయ్యగారికి ఇవ్వకు, నువ్వే తరుక్కో" అన్నాడు.

"తరుక్కునేది నేనేరా ఎలాగూ" అన్నాడు అల్లుడు. "మా ఆవిడ పుట్టింది జైల్లో. పేపర్స్ ఉన్నాయి."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, మా అల్లుడికి నోరు మంచిది. అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. పైన ఆడవాళ్ళు ఏమన్నారో నాకు తెలియదు. ఇంటికి వస్తుంటే కార్లో అడిగింది.

"అమ్మా, నిజం చెప్పు. తాతయ్య వాళ్ళ నాన్న ఖైదీనా?"

"నీకెందుకే?"

"నాకెందుకేంటి? అందరూ నన్ను అడుగుతున్నారు. చెప్పొచ్చుగా, అవునో కాదో."

"మనూళ్ళో ఎవరైనా అడిగారా నిన్ను, ఎప్పుడైనా?"

"అది మనూరమ్మా. ఇది పిస్కాటవే. ఇక్కడ ఏమీ చెప్పకపోతే అవుననే అనుకుంటారు."

"అనుకోనీ."

"అనుకోనీ ఏంటి? రేపు దీని ఫ్రెండ్స్ దీన్ని ఏడిపిస్తారు. కాదు అను, అయిపోతుంది కదా. ఒక్క మాట."

"నేను కాదంటే పక్కింటోళ్ళ సంగతేటి?" అన్నాను. "ఆళ్ళు కాదనలేరు కదా. నేను కాదన్నానంటే ఆళ్ళని ఏలెట్టి చూపించినట్టే."

"వాళ్ళెక్కడున్నారమ్మా ఇక్కడ? పన్నెండు వేల మైళ్ళ అవతల ఉన్న పక్కింటాళ్ళ కోసం నా కూతురు ఏడవాలా?"

మైళ్ళు ఎన్నో నాకు తెలియదు, ఆమెకీ తెలియదనుకుంటాను. అల్లుడు మెల్లగా, "అత్తయ్యా, మీరు చెప్పకపోయినా పర్లేదు, మేమేదో మేనేజ్ చేస్తాం" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు మంచిగానే వినిపించింది.

మా తాత ఎందుకొచ్చాడో నాకు తెలుసు. మా నాన్న నాకొక్కదానికే చెప్పాడు. అది ఇక్కడా రాయను. చదివేవాళ్ళకి విసుగొస్తే రానీ. సిగ్గుపడి దాచడం కాదిది. అవునని చెప్పినా కాదని చెప్పినా, చెప్పడమే తప్పు మా ఊళ్ళో. మేం ఇచ్చిపుచ్చుకున్న మర్యాద అదొక్కటే, మా దగ్గర వేరే ఆస్తులు లేవు.

టీచరమ్మ నా కాగితాలు కోసుకుంటూ వచ్చింది. షాదీపూర్ పోయింది, పిల్లలకి తగదని. సరిగా రాని హిందీ పోయింది, తెలుగు క్లాసులో హిందీ ఏమిటని. ఆసుపత్రి పోయి, ఆ చోట దేశభక్తుల త్యాగాలు వచ్చాయి. నిజమే, వాళ్ళ త్యాగాలు నిజమే, నేనెందుకు కాదంటాను? కానీ అవి ప్రతి పుస్తకంలో ఉన్నాయి కదా. టీ కొట్టు కథ మొత్తం పోయింది. "ఆంటీ, మీ మంచికే చెప్తున్నా, అది వింటే జనం వేరేలా అనుకుంటారు" అంది. జనం అనుకున్నాకే ఆ మాట చెప్పింది.

స్లైడ్ పని అల్లుడిది. మా తమ్ముడు ఊరినుంచి ఇంటి ఫొటో పంపడానికి నెట్ సెంటర్లో కూర్చున్నాడు. మా ఊళ్ళో నెట్ అంటే ఆకాశంలోంచి దిగాలి, మబ్బు పడితే అదీ దిగదు. తెల్లారేసరికి ఇక్కడికి చేరింది రేకుల కప్పూ కాస్త ఆకాశమూ, కింద సగం బూడిదరంగు. అల్లుడు తనే వెతికి, "అత్తయ్యా, చూడండి మీ ఊరు ఎంత బాగుందో" అని ల్యాప్‌టాప్ తిప్పాడు. సముద్రంలోంచి నిటారుగా లేచిన తెల్ల రాతి కొండలు, మూతి పొడవాటి పడవలు, వాటికి రంగు గుడ్డలు.

"ఇది మాది కాదు బాబూ."

"అండమాన్ అని ఉంది కదా అత్తయ్యా, ఇదిగో ఇక్కడ."

"సముద్రం పేరు అదే అయ్యుంటుంది. అవతలి ఒడ్డు వేరే దేశానిది. మా పడవలకి అంత మూతి ఉండదు."

"ఎవరు చెక్ చేస్తారులెండి. కలర్‌ఫుల్‌గా ఉంది, ఉంచేద్దాం."

ఆ ఇంగ్లీషు అక్షరాలు నేను చదవలేను. వాదించడానికి నా దగ్గర పడవ మూతి తప్ప ఏమీ లేదు. సునామీ వచ్చినప్పుడు కూడా ఇంతే. మావాళ్ళ క్షేమం తెలియక టీవీ ముందు కూర్చుంటే ఆ రోజుల్లో చూపించిందంతా అవతలి దేశాల హోటళ్ళే.

ఇవన్నీ మింగాను. కోసినదానికి కోపం వచ్చింది కానీ, కోసినది అబద్ధం కాదు కదా అని సర్దుకున్నాను. వార్షికోత్సవం రెండు రోజులుందనగా మనవరాలు సోఫా మీద గెంతుతూ అప్పజెబుతోంది. వంటింట్లోంచి విన్నాను.

"మా అమ్మమ్మ వాళ్ళ తాత గారు ఖైదీగా వెళ్ళలేదు. మంచి ఉద్యోగం మీద వెళ్ళారు."

చేతిలో గరిటె అలాగే ఉంది. అమ్మాయి ఆఫీస్‌నుంచి వచ్చేదాకా ఆగి అడిగాను.

"నేనేం అబద్ధం రాయలేదమ్మా" అంది చెప్పులు విప్పుతూ. "నువ్వు చెప్పవు. తెలియనప్పుడు మంచిదే అనుకోవాలి."

"తెలియనప్పుడు ఊరుకోవాలి."

"ఊరుకుంటే ఏమయిందో చూశావుగా."

"తీసెయ్యవే. కావలిస్తే మిగతాదంతా నీ ఇష్టం. పొలాలు పెట్టుకో, ఆవుల్ని పెట్టుకో. అదొక్కటీ తీసెయ్యి."

"నీకు ఊరి పరువు కావాలి. నాకు నా కూతురు కావాలి" అని బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిపోయింది. తను అన్నదాంట్లో తప్పు నాకూ దొరకలేదు. అదే నా ఉక్రోషం.

టీచరమ్మకి ఫోన్ చేయించి చెప్పాను. "పాపకి బట్టీ వచ్చేసింది ఆంటీ, ఇప్పుడు మారిస్తే కన్ఫ్యూజ్ అవుతుంది" అంది. ఆఖరికి మనవరాలినే అడిగాను, పడుకోబెడుతూ, ఆ ఒక్క ముక్క వదిలెయ్యమ్మా అని.

"అమ్మ చెప్పమంది, నువ్వు వద్దు అంటున్నావ్. నేను ఎవరిది వినాలి అమ్మమ్మా?"

పిల్ల నిజంగానే అడిగింది. దుప్పటి సర్ది, "అమ్మ మాటే విను" అన్నాను.

శనివారం సాయంత్రం స్కూలు హాలు నిండిపోయింది. తెనాలి నుంచి, కరీంనగర్ నుంచి, ఏలూరు నుంచి అమ్మమ్మలు వరసగా వచ్చి వెళ్ళారు, అందరి ఊళ్ళలోనూ ఒకటే వరిచేను. మా పిల్ల పట్టులంగా ఎత్తిపట్టుకుని మైకు దగ్గరికి వెళ్ళింది. వెనక పరాయి దేశపు కొండలు. గొంతు మాత్రం మాదే, రేకుల కప్పుకింద గొంతు, మైకు అక్కర్లేదు. ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఆ వాక్యం దగ్గర ఆగి, అమ్మ నేర్పినట్టు చెయ్యి ఊపింది. అక్కడే అందరికంటే గట్టిగా చప్పట్లు పడ్డాయి. కత్తిపీట గురించి అన్న అబ్బాయి లేచి నిలబడి కొట్టాడు. నా కళ్ళముందు మా పక్కింటి వాళ్ళ గుమ్మం ఉంది. నా కాన్పుకి వానలో తడుస్తూ నాతో ఆసుపత్రికి నడిచింది ఆ ఇంటి ఆడమనిషే. వాళ్ళ తాత సంగతి ఊరంతటికీ తెలుసు. నేనూ చప్పట్లు కొట్టాను. పిల్ల నావైపు చూస్తోంది, కొట్టకుండా ఎలా?

కార్లో, "అమ్మమ్మా, నేను బాగా చెప్పానా?" అని అడిగింది. బాగా చెప్పావన్నాను. "ఇప్పటికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి" అంది అమ్మాయి, మాకెవరికీ కాదన్నట్టు, అద్దంలోకి చూస్తూ.

మరునాడు పొద్దున్న ఎప్పటిలాగే క్లాసుకి వెళ్ళాం. వరండాలో టీచరమ్మ, చుట్టూ పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు, నిన్నటి కార్యక్రమం గురించి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే టీచరమ్మ ఎదురొచ్చి, "ఆంటీ, నిన్న అందరూ మెచ్చుకున్నారు. ఆ డౌట్ కూడా క్లియర్ అయిపోయింది, మంచిదయింది" అంది.

అమ్మాయి నా పక్కనే ఉంది, కారు తాళం వేలికి తగిలించుకుని.

"క్లియర్ అవలేదమ్మా" అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది. "మా తాత ఎందుకొచ్చాడో దానికి తెలీదు. మా అమ్మాయికీ తెలీదు. ఏదో అనుకుని చెప్పారు. నాకు తెలుసు. నేను చెప్పను."

ఒకావిడ తన పిల్ల బ్యాగు జిప్పు సర్దింది. అమ్మాయి నావైపు చూసి, తాళం గుప్పిట్లోకి తీసుకుని, "సరుకులు తేవాలి" అని కారు దగ్గరికి నడిచింది. మనవరాలు తన గదికి వెళ్ళింది. నేను నా గదికి వెళ్ళి, వెనకాల ఆ చిన్న కుర్చీలో కూర్చుని, పలక తీశాను.